పాడేరు, అరకు వైపు రెండెకరాలు, వారాంతంలో కొండలు: కుదిరే పనేనా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది కదా. హైదరాబాద్‌లో ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, ఏడేళ్ళ పాప, చేతిలో నలభై లక్షలు. అరకు గానీ పాడేరు గానీ దగ్గర్లో రెండెకరాలు కొనుక్కుని కాఫీ, కూరగాయలు వేసుకుని, ఒక ఆవుని పెట్టుకుని, శని ఆదివారాలు కొండలెక్కుతూ బతకాలని ఉంది, ఏ ఊరు మంచిది, ఎంతవుతుంది అని అడిగారు. మాది పాడేరు మండలంలో ఒక గిరిజన గ్రామం. కాఫీ తోట ఉంది, పల్లంలో కాస్త వరి, మెట్ట మీద చోడి (రాగి), పసుపు. కొండలెక్కడానికి వచ్చేవాళ్ళకి దారి చూపించే పని కూడా చాలా కాలంగా చేస్తున్నా కాబట్టి మీరడిగిన రెండింటి గురించీ చెప్తా, కాస్త పొడవవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు భూమి సంగతి, ఎందుకంటే డబ్బు పోయేది అక్కడే. మీరు మా దగ్గర ఏ ఊళ్ళోనూ భూమి కొనలేరు. ఇది షెడ్యూల్డ్ ఏరియా, అంటే రాజ్యాంగం కింద గిరిజన ప్రాంతంగా ప్రకటించిన చోటు, ఇక్కడ నడిచేది 1/70 చట్టం, అంటే 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలకి 1970లో చేసిన సవరణ. గిరిజనుడు గిరిజనేతరుడికి అమ్మితే చెల్లదు అన్నంతవరకు అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది ఏమిటంటే ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు, లీజు, తనఖా, గిఫ్టు ఏ పేరుతో రాసుకున్నా అది బదలాయింపే. మీ బ్రోకర్ చెప్పాడన్న "నోటరీ అగ్రిమెంట్ చాలు, తొంభై తొమ్మిదేళ్ళ లీజు" కాగితానికి ఎలాంటి విలువా లేదు. ఎవరైనా గిరిజనుడి పేరు మీద బినామీగా కొనిపిస్తామన్నా ఒప్పుకోవద్దు. అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పట్టాలైతే వారసులకి వెళ్తాయి తప్ప ఎవరికీ అమ్మడానికి లేదు. తెలంగాణలో ఏజెన్సీ మండలాలకి కూడా ఈ నిబంధనే వర్తిస్తుంది కాబట్టి భద్రాచలం వైపో ఉట్నూరు వైపో వెళ్దామనుకున్నా ఇదే కథ.

ఇది మీకు నిరాశగా ఉంటుందని తెలుసు. కానీ ఈ చట్టం మాకెందుకు అంత ముఖ్యమో ఒక్క మాటలో చెప్తా. మా తాతల కాలంలో కింద మైదానం నుంచి ఉప్పు, బట్ట పట్టుకొచ్చి అప్పులిచ్చిన షావుకార్ల చేతికి గెడ్డ (కొండవాగు) పక్కన ఉండే మంచి పల్లం భూములు ఎలా వెళ్ళిపోయాయో ఏ ఊళ్ళో పెద్దవాళ్ళనడిగినా పేర్లతో సహా చెప్తారు. 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో, షెడ్యూల్డ్ ఏరియాలో ప్రైవేటు కంపెనీలకి లీజులివ్వడం చెల్లదని, ఇచ్చిన తీర్పు వచ్చింది కూడా మా అనంతగిరి కొండల్లో గనుల లీజుల మీదే. ఆ చట్టం లేకపోతే ఇవాళ నేను నా తోట గురించి మీకు రాసేవాణ్ణి కాదు, ఎవరి రిసార్టులోనో వాచ్‌మన్‌గా ఉండేవాణ్ణి. మీరు మంచి మనసుతోనే వస్తున్నారని నమ్ముతున్నా, అయినా ఈ విషయంలో దారి వెతక్కండి.

మరి ఏం చెయ్యొచ్చు? ఘాట్ రోడ్డు దిగాక, కొండల కింద చూడండి. అనకాపల్లి జిల్లాలో మాడుగుల, చీడికాడ, దేవరాపల్లి, రావికమతం, రోలుగుంట మండలాలు కొండ పాదాన్నే ఉంటాయి, ఇవి షెడ్యూల్డ్ ఏరియా కాదు. పట్టా భూమి అయితే ఎవరైనా కొనుక్కోవచ్చు. పెద్దేరు, కోనాం, రైవాడ రిజర్వాయర్లు ఆ వరుసలోనే ఉన్నాయి, నీళ్ళకి కొంత ధీమా. అయితే అక్కడ కూడా కళ్ళు తెరుచుకుని కొనాలి. కొండకి ఆనుకుని ఉన్న భూమి చవగ్గా దొరుకుతోందంటే చాలాసార్లు అది డి-పట్టా, అంటే ప్రభుత్వం పేదవాళ్ళకి అసైన్ చేసిన భూమి, లేకపోతే అడవి హద్దు గొడవ ఉన్న భూమి. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకం మీద నిషేధం ఉంది, ఈమధ్య అందులో సవరణలు జరిగాయి కాబట్టి ఎవరో "ఫ్రీహోల్డ్ అయిపోయింది, ఇక అమ్ముకోవచ్చు" అన్నంత మాత్రాన డబ్బు కట్టకండి. అడంగల్ (ఎవరి సాగులో ఉందో చెప్పే రికార్డు), 1-బి (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చెప్పే రికార్డు), ముప్ఫై ఏళ్ళ ఈసీ (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తనఖాల జాబితా) తీయించండి, ఆ సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితాలో, ఉందేమో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి, సర్వేయర్ని పెట్టి హద్దు రాళ్ళు కొలిపించండి. ఇంకో మాట. ఆ మండలాల్లో కొండ అంచున ఉన్న కొన్ని ఊళ్ళు గిరిజనులవే, షెడ్యూల్‌లో చేరకపోవడం వల్ల వాళ్ళకి 1/70 రక్షణ లేదు, షెడ్యూల్‌లో చేర్చమని చాలా ఏళ్ళుగా అడుగుతున్నారు. ఒక గిరిజన కుటుంబం సాగు చేసుకుంటున్న జీడితోటని రికార్డులో ఇంకొకరి పేరు చూపించి మీకు అమ్మజూపితే, చట్టప్రకారం కుదిరినా దయచేసి కొనకండి. పొలానికి వెళ్ళి అక్కడ పని చేస్తున్నవాళ్ళనే "ఇది ఎవరిదండీ" అని అడిగితే అరగంటలో నిజం తెలిసిపోతుంది.

కొండ కింద కాఫీ పండదు, అది కూడా చెప్పాలి. మా దగ్గర ఎత్తు సుమారు 900 మీటర్లు, అరబికాకి ఆ చల్లదనం కావాలి. మాడుగుల వైపు జీడిమామిడి, మామిడి, చెరకు, వరి, సరుగుడు. రెండెకరాల్లో జీడి వేస్తే నీళ్ళు తక్కువ చాలు, పూత టైములో జనవరి, ఫిబ్రవరిలో టీదోమ (లేత చిగురు, పూత రసం పీల్చే పురుగు) పడకుండా చూసుకోవాలి, మార్చి నుంచి మే దాకా గింజ ఏరుకోవాలి. మొదటి రెండు మూడేళ్ళు మొక్కల మధ్యలో కంది, నువ్వు, కూరగాయలు వేసుకోవచ్చు. దీంతో ఇల్లు గడుస్తుందా అంటే గడవదు. ఇద్దరిలో ఒకరి జీతమైనా రావాలి. ఇక్కడ రెండెకరాల మీద బతికే కుటుంబాలన్నీ దాని మీద మాత్రమే బతకడం లేదు. ఉపాధి హామీ పని, అడవి నుంచి చింతపండు, అడ్డాకులు, కొండ చీపుళ్ళు, మేకలు, కోళ్ళు, విశాఖలో పనికెళ్ళిన కొడుకు పంపే డబ్బు, ఇవన్నీ కలిస్తేనే ఏడాది గడుస్తుంది.

అసలు మీరు చూసి ముచ్చటపడ్డ ఆ కాఫీ తోట పని ఎలా ఉంటుందో చెప్తా, ఎందుకంటే ఫొటోల్లో ఎర్రటి పండ్లు, మంచు మాత్రమే కనిపిస్తాయి. మొక్క నాటాక మూడు నాలుగేళ్ళ దాకా కాపు ఉండదు. పైన నీడకి సిల్వర్ ఓక్, దాని మీదికి పాకించిన మిరియం తీగ. మార్చి, ఏప్రిల్‌లో ఒక మంచి వాన పడితే వారం పదిరోజుల్లో తోటంతా తెల్లగా పూస్తుంది, ఆ వాన పడకపోతే ఆ ఏడాది కాపు సగం పోయినట్టే. నవంబరులో పండ్లు పండడం మొదలై జనవరి దాకా కోస్తూనే ఉండాలి, ఎందుకంటే ఒకే కొమ్మ మీద ఆకుపచ్చవి, పసుపువి, ఎర్రవి కలిసి ఉంటాయి. కొమ్మ పట్టుకుని గబగబా దూసేస్తే పని తొందరగా అవుతుంది గానీ పచ్చికాయ కలిసిన సరుకుకి రేటు పడిపోతుంది. అందుకని నడుముకి బుట్ట కట్టుకుని, వాలులో కాలు నిలదొక్కుకుని, ఎర్రగా పండినవి మాత్రం ఒక్కొక్కటీ తుంచాలి. పండు రెండు వేళ్ళ మధ్య నొక్కితే గింజ జారి బయటికి రావాలి, అది పండినట్టు గుర్తు.

సాయంత్రం ఇంటికి తెచ్చాక పని అయిపోలేదు. ఆ రోజు కోసింది ఆ రోజే పండు తొక్క ఒలిచే చేతి పల్పర్‌లో వేసి తిప్పాలి, తెల్లారేదాకా వదిలేస్తే లోపల పులిసి వాసన పట్టేస్తుంది. ఒకరు తిప్పుతుంటే ఒకరు నీళ్ళు పోస్తూ ఉండాలి. గింజల్ని తొట్టిలో ఒక రాత్రి, చలి ఎక్కువైతే ఇంకో పూట నాననిచ్చి, గుప్పెట్లోకి తీసుకుని రుద్ది చూస్తాం, జిగురుగా జారుతుంటే ఇంకా కాలేదు, చేతికి గరగరలాడుతూ తగిలితే కడగొచ్చు. కడిగి టార్పాలిన్ మీద పలచగా పరిచి రోజంతా తిరగతోడుతూ ఉండాలి, పొద్దు వాలకముందే కప్పేయాలి, లేదంటే మా మంచుకి పొద్దున్నకల్లా మళ్ళీ తడిసిపోతాయి. సరిగ్గా కోత రోజుల్లోనే బంగాళాఖాతంలో తుపాన్లు వస్తాయి. నవంబరు చివర్లో మూడు రోజులు ముసురు పట్టిందంటే ఇంట్లో మంచాల కింద, అటక మీద, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ గింజలే. ఇంత చేశాక ఆరు కిలోల పండ్లకి దాదాపు ఒక కిలో గింజ మిగులుతుంది. అరకు అరబికాకి 2019లో జీఐ (ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకు అనే) గుర్తింపు వచ్చింది, 2025 మొదట్లో ప్రపంచ మార్కెట్‌లో అరబికా ధర రికార్డు స్థాయికి వెళ్ళింది, ప్రభుత్వ గిరిజన సహకార సంస్థ జీసీసీ కూడా కొంటుంది, రేటు గురించి ఒకప్పటిలా పూర్తిగా దళారి దయ మీద లేం. అయినా అప్పు తీసుకున్నవాడు ఆ అప్పిచ్చినవాడికే సరుకు వెయ్యాలి, అది ఇంకా పోలేదు.

ఆవు గురించి అడిగారు. మా ఊళ్ళలో ఆవుని పాల కోసం పెంచడం తక్కువ, దుక్కికి, గెత్తానికి (పశువుల ఎరువుకి) పెంచుతాం, పాలు దూడవే. మీరు కింద పెట్టుకుంటే పెట్టుకోండి గానీ ఆవు ఉన్నవాళ్ళు వారాంతం కొండ మీద రాత్రి గడపలేరు. పొద్దున్నే పాలు తీయాలి, సాయంత్రం తీయాలి, ఆదివారమైనా అంతే. మీరు కోరుకున్న రెండింటిలో ఒకటి రెండోదాన్ని ఆపేసేది ఇక్కడే. మొదట నాటుకోళ్ళతో మొదలుపెట్టండి, పక్కింటివాళ్ళకి రెండు రోజులు చూడమని చెప్పి వెళ్ళొచ్చు.

ఇక కొండల సంగతి. ఈ వరుసలో 1,600 మీటర్లు దాటిన శిఖరాలున్నాయి, గాలికొండ అందులో ఒకటి, తూర్పు కనుమల్లో ఎత్తైనవాటిలో ఇవి చేరతాయి. హిమాలయాల్లోలాగా గుర్తులు పెట్టిన ట్రెక్కింగ్ రూట్లు ఇక్కడ లేవు. మీరు నడిచే ప్రతి దారీ ఏదో ఒక ఊరు ఇంకో ఊరికో, సంతకో, నీళ్ళకో, తోటకో వెళ్ళడానికి వేసుకున్న దారి. అంటే మీరు ట్రెక్ అనుకుంటున్నది ఎవరో ఒకరి పొలం గట్టు. మీతో నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాట ఇదే, మిగతా జాగ్రత్తలన్నీ దీని నుంచే వస్తాయి.

ఉదాహరణకి కాఫీ పండ్లు కోసి జేబులో వేసుకోవడం. పిల్లలు ముచ్చటపడి కోస్తారు, పెద్దవాళ్ళు ఫొటోకి కోస్తారు. 2025లో అరకు వైపు కాయతొలిచే పురుగు కనిపించింది, అప్పటిదాకా మాకు ఆ బాధ లేదు. కంటికి సరిగ్గా ఆనని నల్లటి పురుగు, కాయ చివర సూది గుచ్చినంత రంధ్రం చేసుకుని లోపలికి వెళ్ళి గింజలోనే గుడ్లు పెడుతుంది. అది ఉన్న తోటలో కోసిన నాలుగు పండ్లు మీ బ్యాగులో ఇంకో ఊరికి చేరి, మీరు వాటిని తోట పక్కన పారేస్తే చాలు. పురుగు పట్టిన చెట్ల కాయలన్నీ కోయించి నాశనం చేయించారు, ఆ కుటుంబాలకి ఏడాది కష్టం అది. కాబట్టి తోటలోంచి నడవాల్సి వస్తే నడవండి, చేతులు మాత్రం జేబుల్లో పెట్టుకోండి, అడిగితే ఇంటిదగ్గర ఎండిన గింజలు మేమే ఇస్తాం.

వలిసె పూల సంగతీ అంతే. నవంబరు, డిసెంబరులో పసుపుపచ్చగా పరుచుకున్న ఆ చేలు అందం కోసం వేసినవి కాదు, నూనెగింజ పంట. మధ్యలోకి వెళ్ళి కూర్చుని ఫొటోలు దిగితే మొక్క విరిగిపోతుంది, మళ్ళీ లేవదు. కొందరు రైతులు ఇప్పుడు మనిషికి ఇంత అని తీసుకుని గట్టు మీదికి పంపిస్తున్నారు, ఆ డబ్బు ఇవ్వండి, బేరమాడకండి.

ఎప్పుడు రావాలి? అక్టోబరు నుంచి జనవరి దాకా మేఘాలు, చలి, అందరికీ తెలిసిన సీజన్. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాల కోసమైతే తెల్లవారుజామున అయిదున్నరకల్లా పైన ఉండాలి. శనివారం రాత్రి, సంక్రాంతి సెలవులు మాత్రం మానుకోండి, కార్ల వరుసలోనే సూర్యుడు పైకొచ్చేస్తాడు. ఆ కొండ మీదికి జనం ఎగబడ్డ తరువాత మా వాళ్ళకి టీ దుకాణాలు, టెంట్లు, దారి చూపే పని దొరికాయి, అది మంచిదే. కానీ వాన పడ్డప్పుడు కిందికి కొట్టుకొచ్చే ప్లాస్టిక్ ఊళ్ళ ఊటల దగ్గరే ఆగుతుంది, ఆ నీళ్ళే మేం తాగేది. నీళ్ళ సీసా పైకి పట్టుకెళ్ళినవాళ్ళు ఖాళీ సీసా కిందికి తెచ్చుకోవడం పెద్ద పని కాదు.

మార్చి, ఏప్రిల్‌లో పోడు కోసం వాలులు కాలుస్తారు, పొగ, వేడి, పైగా మంట గాలికి ఎటు తిరుగుతుందో తెలియదు, అప్పుడు ఎక్కకండి. అదే రోజుల్లో ఇటుకల పండగ వస్తుంది, మగవాళ్ళు వేటకి అడవిలోకి వెళ్తారు, ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి పండగ డబ్బులడుగుతారు. భయపడాల్సిందేమీ లేదు, నవ్వుతూ ఓ పదో ఇరవయ్యో ఇచ్చి వెళ్ళండి. ఆ వారం రోజులు అడవిలో తిరగడం మాత్రం వద్దు. మామిడి కొత్త పండగ కాకముందు మా ఊళ్ళలో చెట్టు కింద రాలిన కాయ కూడా తినరు, మీరూ ఆ పెద్దల ఎదురుగా కొరక్కండి. మే, జూన్‌లో పనసపండ్ల కోసం ఎలుగుబంట్లు ఊళ్ళ దగ్గరికి వస్తాయి, పొద్దున్నే, చీకటిపడే వేళ ఒంటరిగా తోటల్లో నడవొద్దు. దూరం నుంచే మాట్లాడుకుంటూ నడిస్తే చాలాసార్లు అదే పక్కకి పోతుంది, మలుపులో ఎదురుపడితే ప్రమాదం.

వానాకాలం చాలా అందంగా ఉంటుంది, నాకైతే అదే ఇష్టం. కానీ గెడ్డలతో జాగ్రత్త. మీ నెత్తిన చినుకు లేకపోయినా పైన కొండ మీద పడితే పావుగంటలో మోకాలి నీళ్ళు నడుముకొస్తాయి. నీళ్ళ రంగు ఎర్రగా మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా ఒడ్డునే ఆగిపోండి, నీళ్ళు తగ్గేదాకా దాటకండి. ఈత వచ్చినా జలపాతాల దగ్గర ప్రమాదమే. మోచేతులు కప్పే చొక్కా వేసుకోండి, రాత్రి దోమతెర తప్పనిసరి, ఇంటికెళ్ళాక రెండు మూడు వారాల్లో చలిజ్వరం వస్తే ఏజెన్సీకి వెళ్ళొచ్చామని డాక్టరుకి ముందే చెప్పండి, మలేరియా టెస్టు చేస్తారు.

ఎండాకాలంలో కాళ్ళు విరిగేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. సిల్వర్ ఓక్ ఆకు రాలి ఎండిపోయి వాలంతా పరుచుకుంటుంది, దాని కింద గులకరాళ్ళు, కాలు వేస్తే సర్రున జారిపోతుంది. మా వాళ్ళు చెప్పుల్లేకుండా దిగడం చూసి మీరు ప్రయత్నించకండి, గాడి ఉన్న బూటు, చేతిలో వెదురు కర్ర, చిన్న చిన్న అడుగులు, పాదమంతా ఆనాలి. కాలు బెణికితే రోడ్డు దాకా డోలీలో మోయాల్సింది ఊళ్ళోవాళ్ళే, మా గర్భిణుల్ని ఇప్పటికీ కొన్ని ఊళ్ళ నుంచి అలాగే మోస్తున్నాం. పాడేరులో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, పెద్ద దెబ్బయితే వంద కిలోమీటర్లు దాటి విశాఖ వెళ్ళాలి, అందులో ఘాట్ రోడ్డు కూడా ఉంది. మీకు పాప ఉంది కాబట్టి ఇల్లు ఎక్కడ పెట్టుకోవాలో ఆలోచించేటప్పుడు ఇది మొదట లెక్కలోకి తీసుకోండి. కొండ కింద ఉండడం మంచిదని నేననడానికి చట్టంతో పాటు ఇదీ ఒక కారణం.

ఊళ్ళోంచి మనిషిని తోడు తీసుకోకుండా కొత్త దారి ఎక్కకండి. ఫోన్ మ్యాపులో ఈ దారులు చాలా వరకు ఉండవు, సిగ్నల్ ఉండదు. రోజు కూలి ఎంతో ముందే మాట్లాడుకుని, కోత రోజుల్లో అయితే ఇంకాస్త ఎక్కువ ఇవ్వండి, ఎందుకంటే మీతో వచ్చిన ఆ రోజు అతని తోటలో పండు రాలిపోతుంటుంది. గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి, గంజాయి రవాణా మీద చెక్‌పోస్టుల్లో సోదాలుంటాయి. దారిలో ఎవరైనా "ఈ సంచి కింద మావాడికి ఇచ్చేయండి" అంటే ఎంత మంచిగా అడిగినా పట్టుకోవద్దు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది నా ఉద్దేశంలో ఇది. ఈ ఏడాది భూమి జోలికే వెళ్ళకండి. నవంబరులో రెండు వారాలు సెలవు పెట్టి అరకు, పాడేరు, చింతపల్లి వైపు ఎక్కడైనా స్థానికులు నడిపే హోంస్టేలో దిగండి, పొద్దున కోతకి, సాయంత్రం పల్పర్ దగ్గరికి వెళ్ళి పని చెయ్యండి, మధ్యలో ఒకటి రెండు కొండలు ఎక్కండి. మళ్ళీ జులైలో ఒక వారం, ఈసారి మాడుగుల, చీడికాడ వైపు, కరెంటు పోయి, వాన ఆగకుండా పడే రోజుల్లో. ఆ ఊళ్ళలో బడి ఎలా ఉంది, పాపకి స్నేహితులు దొరుకుతారా, బోరులో ఏప్రిల్, మేలో నీళ్ళుంటున్నాయా అని పక్క రైతుల్ని అడగండి. అప్పటికీ ఇద్దరికీ ఇష్టమే అయితే ఒక ఎకరం చాలు, రెండు వద్దు. ఉద్యోగం చేసుకుంటూ కొత్తగా వచ్చినవాళ్ళకి ఎకరమే ఎక్కువ, రెండోది కలుపు తీయలేక పాడైపోవడం కింద చాలా చోట్ల చూశా. మిగతా డబ్బు బ్యాంకులో ఉంచండి, మొదటి రెండేళ్ళు అది కావాల్సి వస్తుంది.

నవంబరులో వస్తే రెండో వారం తరువాత రండి, మొదటి వారంలో చాలా తోటల్లో పండు ఇంకా పసుపు మీదే ఉంటుంది. పాపకి స్వెటర్, టోపీ తెండి, లంబసింగి వైపు వెళ్తే దుప్పటి కూడా.